శ్రుతి మార్చే బరువు ఎవరిది?

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక కవిత్వ పుస్తకం ఆవిష్కరణ సభకి వెళ్ళాను. కవి మా వైపు కుర్రాడు. మొదటి పుస్తకం. వేదిక మీద నలుగురు వక్తలు. మూడో ఆయన పేరున్న విమర్శకుడు. పుస్తకం తిరగేస్తూ, "ఈ కవిత్వం పెళ్ళి బ్యాండులాంటిది. ఉత్సాహం ఉంది, చప్పుడు ఉంది. నోట్స్ మాత్రం రావు" అన్నాడు. హాలంతా నవ్వింది. కవీ నవ్వాడు, పాపం, ఇంకేం చేస్తాడు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళేటప్పుడు మెట్రోలో కూర్చున్నాక నవ్వినందుకు సిగ్గేసింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి రాస్తున్నది.

ఎందుకంటే ఆ ఒక్క మాటలో రెండు అవమానాలున్నాయి. ఒకటి కవికి. దానికి జవాబు కవి చెప్పుకుంటాడు. రెండోది, ఆ హాల్లో లేని మనుషులకి. పెళ్ళి బ్యాండు అనే పోలిక మన కథల్లో, సమీక్షల్లో, సినిమా కామెడీల్లో ఎన్నిసార్లు వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. గోల అనాలంటే బ్యాండు మేళం. అరువు సరుకు అనాలంటే బ్యాండు మేళం. జిగేలుమనే కోటు, లోపల చిరిగిన బనీను అనాలన్నా బ్యాండు మేళమే. అది పనికిరాని పోలిక అని చెప్పడం నా ఉద్దేశం. మర్యాద తక్కువైందని కాదు, వాస్తవం తప్పైందని.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సంగీతం చదువుకున్నవాణ్ని కాను. నాలుగేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక క్లారినెట్ కొనుక్కుని, శని ఆదివారాలు పక్క ఫ్లాట్ వాళ్ళ సహనాన్ని పరీక్షిస్తుంటాను. మా ఊరు వర్ధన్నపేట. వరంగల్ నుంచి ఖమ్మం బస్సెక్కితే దారిలో తగులుతుంది. నాకు క్లారినెట్ పిచ్చి పట్టింది అక్కడే, మా వాడకట్టు చివర ఉండే ఒక బ్యాండు మాస్టర్ వల్ల. ఆయన్ని మేమంతా కాకా అంటాం. ఇప్పటికీ వాయిస్తున్నాడు కాబట్టి పేరు రాయను.

ముందు ఆ "నోట్స్" సంగతి చూద్దాం.

*

క్లారినెట్ గురించి తెలియని వాళ్ళకి మొదట వింతగా అనిపించే విషయం ఒకటుంది. కాగితం మీద "సి" అని రాసి ఉంటే, క్లారినెట్ వాయించేవాడు "సి" వేళ్ళు పెడతాడు, కానీ వినిపించేది "సి" కాదు. మామూలుగా అందరి దగ్గరా ఉండేది బి ఫ్లాట్ క్లారినెట్. దాంట్లో వినిపించేది, హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కేస్తే, రాసినదానికి రెండు మెట్లు కింద. ఎ క్లారినెట్ అని ఇంకోటుంది. అది మూడు మెట్లు కింద పలుకుతుంది. ఈ ఫ్లాట్ అనే చిన్న క్లారినెట్ మూడు మెట్లు పైన పలుకుతుంది. సి క్లారినెట్ ఒకటే రాసింది రాసినట్టు పలికేది. అది ఇప్పుడు అరుదు.

ఇంత గందరగోళం ఎందుకు? పాతకాలం క్లారినెట్లకి కీలు తక్కువ. కొన్ని శ్రుతుల్లో వేళ్ళు హాయిగా ఆడతాయి, మరికొన్నిట్లో నరకం. పైగా ఈ వాద్యానికి ఒక సొంత తిక్క ఉంది. సన్నాయి గొట్టం పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతుంది. అందుకని గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది, దాదాపు అవే వేళ్ళతో. క్లారినెట్ గొట్టం చాలావరకు ఒకే వెడల్పు, మూతి దగ్గర మూసినట్టే లెక్క. అది గెంతితే పై స్థాయి సా దగ్గర ఆగదు, దాన్ని దాటి పై పంచమం మీదికి పోతుంది. ధ్వని శాస్త్రం భాషలో మూడు రెట్లు. అంటే కింది స్థాయిలో సా పట్టిన వేళ్ళు పై స్థాయిలో సా ఇవ్వవు. కింది స్థాయి ఒక పాఠం, పై స్థాయి ఇంకో పాఠం. సా జాగా మారిందా, రెండు పాఠాలూ మళ్ళీ మొదటి నుంచి.

పాశ్చాత్యులు దీనికి కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, శ్రుతికో క్లారినెట్ చేసుకున్నారు. వాయించేవాడు ఒకటి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటాడు. వేళ్ళు అవే. మరి లెక్క ఎవరు చేస్తారు? రాసేవాడు. ఏ వాద్యానికి ఎన్ని మెట్లు పైకి, ఎన్ని మెట్లు కిందికి రాయాలో స్వరకర్త లెక్కేసుకుని, వాయించేవాడి వేళ్ళకి అనువుగా రాసి ఇస్తాడు. మోజార్ట్ 1791లో ఆంటాన్ స్టాడ్లర్ అనే వాద్యకారుడి కోసం రాసిన క్లారినెట్ కచేరి ఎ మేజర్‌లో ఉంటుంది. వినేవాళ్ళకి మూడు షార్పులు. ఎ క్లారినెట్ పట్టుకున్నవాడి కాగితం మీద ఒక్క షార్పు కూడా ఉండదు, శుభ్రమైన సి మేజర్. అదే పాటని నాలాంటివాడు బి ఫ్లాట్ క్లారినెట్ మీద అదే శ్రుతిలో వాయించాలంటే, ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు దించి చదువుకోవాలి. ఐదు షార్పులొస్తాయి. నేను ప్రయత్నించాను. మూడో లైను దాటలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నా వ్యాసానికి ఇదే ఇరుసు. ఆ సంప్రదాయంలో శ్రుతి మార్చే బరువు వీలైనంతవరకు రాసేవాడి మీద పెట్టారు, వాయించేవాడి మీద కాదు. అది తప్పిన చోట వాయించేవాడు మోయాల్సిందే. 1895 నాటి రిచర్డ్ స్ట్రాస్ 'టిల్ ఐలెన్‌ష్పీగెల్'లో డి క్లారినెట్‌కి రాసిన భాగాన్ని ఇప్పుడు చాలామంది ఈ ఫ్లాట్ క్లారినెట్ మీద, ఒక మెట్టు దించుకుంటూ వాయిస్తారు. అలా చూస్తూ చూస్తూ మార్చి వాయించగలిగితే ఆర్కెస్ట్రాలో దాన్ని ఒక పనితనం అంటారు. గౌరవం ఇస్తారు, జీతం ఇస్తారు.

సరే, ఇప్పుడు వర్ధన్నపేట వెళ్దాం.

*

మా చిన్నమ్మ కొడుకు పెళ్ళి. రాత్రి బరాత్. బ్యాండంటే ఇప్పుడు పాతకాలం లెక్క కాదు. ఒక బండి మీద స్పీకర్లు, జెనరేటర్, కీబోర్డు, ప్యాడ్లు, మైకు పట్టుకున్న ఒక అమ్మాయి. చుట్టూ సైడ్ డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము, రెండు ట్రంపెట్లు. ఒకప్పుడు నాలుగు క్లారినెట్లు ఉండేవట, ఇప్పుడు కాకా ఒక్కడే. డీజే కాకుండా బ్యాండు పెట్టారంటేనే మా చిన్నాయిన పట్టుదల.

పాట సి శ్రుతిలో మొదలైంది. మన లెక్కలో ఒకటి శ్రుతి. కాకా దగ్గరున్నది బి ఫ్లాట్ క్లారినెట్, అంటే ఆయన వేళ్ళు డి దగ్గర సా పెట్టుకున్నాయి. హాయైన జాగా. పాడే అమ్మాయికి ఆ వారంలో అది మూడో ముహూర్తం. గొంతు పోయింది. పల్లవి ఒకసారి పాడి, కీబోర్డు అబ్బాయి వైపు తిరిగి, "అన్నా, ఒకటి దించు" అంది. ఆ అబ్బాయి ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కాడు. తెరమీద మైనస్ ఒకటి. వాడి వేళ్ళు అవే, మెట్లు అవే, పాట మాత్రం ఏడో శ్రుతికి దిగిపోయింది. ట్రంపెట్ పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని వాద్యాలు దించేశారు.

కాకా దించలేదు. ఆయన వేళ్ళకి డి దగ్గరున్న సా ఇప్పుడు డి ఫ్లాట్‌కి వచ్చింది. ఐదు ఫ్లాట్లు. దగ్గర ఎ క్లారినెట్ ఉంటే వేరే సంగతి. తీసి నోట్లో పెట్టుకుంటే చాలు, మళ్ళీ డి దగ్గరే సా, అవే వేళ్ళు. ఎ క్లారినెట్ పుట్టిందే అందుకు. మీరు చూసే ఏ సింఫనీ ఆర్కెస్ట్రాలో అయినా క్లారినెట్ ఆయన పెట్టెలో బి ఫ్లాట్, ఎ రెండూ జంటగా ఉంటాయి. కాకా దగ్గర ఉన్నది ఒక్కటే. మౌత్‌పీస్ కింద బ్యారెల్‌ని కొంచెం బయటికి లాగితే శ్రుతి కాస్త తగ్గుతుంది కానీ, మెట్టు మొత్తం తగ్గదు. ఇంకా లాగితే ఒక స్వరం ఒకలా, ఇంకో స్వరం ఇంకోలా చెడుతుంది.

ఆయనేం చేశాడో చూశాను, రెండడుగుల దూరంలోంచి. రెండో పల్లవి అంతా సా, పా రెండే పట్టుకుని నిలబడ్డాడు, తంబూరా లెక్క. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మాత్రం ఊదకుండానే కీల మీద మెదులుతున్నాయి. చరణం ముందు వచ్చే బిట్టుకల్లా పాట మొత్తం ఆయన చేతిలోకి వచ్చేసింది. మోహనంలాంటి ఐదు స్వరాల వరస అది. ఒకచోట జారుడు కూడా వేశాడు, గాంధారం నుంచి పంచమానికి, అంతకుముందు డి దగ్గర వేసినట్టే. ఇదంతా ఎంతసేపు? మహా అయితే నిమిషం. పక్కన డాన్స్ చేస్తున్నవాళ్ళకి ఏమీ తెలియదు. ఆ అమ్మాయి గొంతు కుదుటపడినందుకు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున వెళ్ళి అడిగాను. "కాకా, రాత్రి శ్రుతి మార్చినప్పుడు ఎట్ల పట్టుకున్నవ్? ఏం లెక్కేసుకున్నవ్?"

"లెక్కేంది బిడ్డా? గా పోరని పెట్టెకు బటన్ ఉన్నది, ఒత్తిండు. నా నోట్లె బటన్ లేదు గద. సా యాడికి పోతే నేను ఆడికి పోత."

"మరి వేళ్ళు?"

"నువ్వు కాయితం జూసి మారుస్తవు. నాకు కాయితమే లేదు. ఇగ ఏం మార్చాలె?"

*

మా విమర్శకుడు గారికి ఈ మాట వినిపించాలని ఉంది.

"నోట్స్ రావు" అనేవాళ్ళు, నోట్స్ అంటే ఒకే రకం ఉంటుందనుకుంటున్నారు. ఐదు గీతల మీద రాసే పద్ధతి ప్రతి స్వరానికి ఒక ఖాయమైన ఎత్తు చెబుతుంది. అందుకే అక్కడ శ్రుతి మారిస్తే అన్నీ మార్చాలి. మన స రి గ మలు అలా కాదు. సా ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం, మిగతావన్నీ దాన్నిబట్టి. కాగితంతో పని లేకుండానే ప్రతి పాటా ప్రతి శ్రుతిలోనూ ఉన్నట్టే. పద్యనాటకం ఆడేవాళ్ళు హార్మోనియం ఆయనకి "నాలుగున్నర" అని చెప్పి పద్యం ఎత్తుకుంటారు. అక్కడ ఎవరూ పద్యాన్ని తిరగరాయరు.

ఇది రాత రాని వాళ్ళ వ్యవహారం అనుకోకండి. 1904లో ఎట్టయపురం నుంచి వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులో వచ్చిన గ్రంథం. గమకాలకి ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టి, వందల కీర్తనలకు స్వరలిపి రాసిన మహా పుస్తకం. ఆ పుస్తకం రాయించడానికి పట్టుబట్టిన వాళ్ళలో ఒకరైన చిన్నస్వామి ముదలియార్, అంతకు పదేళ్ళ ముందే మన సంగీతాన్ని ఐదు గీతల మీద అచ్చు వేయించినవాడు. అంటే రెండు పద్ధతులూ తెలిసినవాళ్ళు, పక్కపక్కనే ఉన్నవాళ్ళు. దీక్షితులు సా ఎన్ని మెట్ల దగ్గర ఉండాలో ఎక్కడా ఖాయం చేయలేదు. చేయాల్సిన పని లేదు. ఆ పద్ధతికి అది లోపం కాదు, పునాది.

కాకా తలలో ఉన్నది ఆ పునాదే. కాకా ఆ పుస్తకం చూసి ఉండడు. సన్నాయి వాయించిన వాళ్ళ నాయన దగ్గర వరసలు నేర్చుకున్నాడు. సన్నాయిలో, నాదస్వరంలో శ్రుతి మార్చాలంటే వాద్యం మారుస్తారు. నాదస్వరాల్లో పొట్టిదాన్ని తిమిరి అంటారు, పొడుగుదాన్ని బారి అంటారు. ఒక క్లారినెట్ మీద పన్నెండు జాగాల్లో సా పెట్టుకోవడం కాకా తరం సొంతంగా సంపాదించుకున్న విద్య. తిరుచ్చి ఎ.కె.సి. నటరాజన్ ఇదే వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయిస్తే దేశం 2022లో పద్మశ్రీ ఇచ్చింది, సంతోషం. వేదిక మీద సా ముందే ఖాయమైన కచేరీలో ఆయన చేసింది గొప్ప పని. రోడ్డు మీద, జెనరేటర్ చప్పుడులో, ఎవరో బటన్ నొక్కిన క్షణంలో సా వెతుక్కునేవాడిది ఇంకో రకం గొప్ప పని. దీన్ని చూసి నవ్వాలంటే ముందు వినడం మానేయాలి.

*

ఇక్కడ ఆపేస్తే నా వ్యాసం ఇంకో రకం అబద్ధం అవుతుంది. ఎందుకంటే వెక్కిరించేవాళ్ళకి ఎదురుగా ఇంకో గుంపుంది. "అబ్బ, చదువు లేదు, నోట్స్ లేవు, అంతా రక్తంలో ఉంది" అని కళ్ళు చెమర్చేవాళ్ళు. మన వెబ్ పత్రికల్లో వీళ్ళ వ్యాసాలు కూడా తక్కువేం కాదు. నేనూ రాశాను ఒకటి, కాలేజీ రోజుల్లో. వెతక్కండి.

రక్తంలో ఏమీ లేదు. కాకా కుడి బొటనవేలి మీద కాయ ఉంది. పన్నెండేళ్ళ వయసు నుంచి ముహూర్తాలున్న ప్రతి నెలా రోడ్డు మీద ఊదాడు, ముహూర్తాలు లేని ఆషాఢాల్లో ఇంట్లో ఊదాడు. కష్టాన్ని కులవిద్య అనేసి, పుట్టుకతో వచ్చిందనేస్తే ఆ కష్టానికి కూలి ఇవ్వక్కర్లేదు, నేర్పించిన వాడిని గురువు అనక్కర్లేదు. డోలు, సన్నాయి, డప్పు వాయించే చేతులన్నిటికీ మనం తరతరాలుగా చేసింది ఇదే. పెళ్ళి వాళ్ళ చప్పుడు లేకుండా జరగదు, పెళ్ళి బంతిలో వాళ్ళకి చోటు చివరన. పొగడ్త కూడా ఆ చివర కూర్చోబెట్టే పద్ధతుల్లో ఒకటి.

ఇంకో సంగతి. కాగితం వద్దని కాకా అనలేదు. ఆ పొద్దున నేను లేవబోతుంటే ఆయనే అన్నాడు: "నువ్వు కంప్యూటర్ల రాస్తవు గద. నా బిట్లు రాసి పెట్టరాదు? నేను పోతే ఎవనికి గుర్తుంటయ్? మా పోరడు మొబైల్ షాపుల కూసుండె."

బిట్లంటే పాటకీ పాటకీ మధ్య, చరణానికీ చరణానికీ మధ్య ఆయన కట్టుకున్న ముక్కలు. సినిమా పాట అందరిదీ. ఆ ముక్కలు మాత్రం ఆయనవే. కొన్ని ఆయన నాయనవి, సన్నాయి కోసం కట్టినవి, ఐనవోలు మల్లన్న జాతరలో విన్న ఒగ్గు వరసలు కలిసినవి. నలభై పైన ఉంటాయి. ఎక్కడా రాసి లేవు.

సరే అని రాశాను. మూడు నెలలు, వీడియోలు తీసుకుని, రాత్రిళ్ళు మ్యూజ్‌స్కోర్‌లో. ఎంత తెలివిగా రాశానంటే, వినిపించిన స్వరం వినిపించినట్టు ఐదు గీతల మీద పెట్టాను. పోలీస్ బ్యాండులో పనిచేసి రిటైరైన ఒకాయనకి, నోట్స్ చదవడం బాగా వచ్చినాయనకి, ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన తన బి ఫ్లాట్ క్లారినెట్ మీద చూసి శుభ్రంగా వాయించాడు. కాకా మొహం వాడిపోయింది. అంతా రెండు మెట్లు కింద. పైగా కాకా వేళ్ళకి హాయిగా ఉన్న చోట ఆయన వేళ్ళు తంటాలు పడుతున్నాయి. నేను వినేవాడి కోసం రాశాను, వాయించేవాడి కోసం రాయలేదు. రెండువందల ఏళ్ళుగా ప్రతి స్వరకర్తకీ తెలిసిన మొదటి మర్యాద, ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టలేదు.

మ్యూజ్‌స్కోర్‌లో కాన్సర్ట్ పిచ్ అని ఒక బటన్ ఉంటుంది. నొక్కి ఉంటే అన్ని వాద్యాలూ వినిపించే ఎత్తులో కనిపిస్తాయి. తీసేస్తే ఎవరి కాగితం వాళ్ళకి, వాళ్ళ వేళ్ళ భాషలో కనిపిస్తుంది. నేను మూడు నెలలూ ఆ బటన్ నొక్కి ఉంచే పని చేశాను. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. పై వరసలో స రి గ మలు, సా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కింద బి ఫ్లాట్ క్లారినెట్ వేళ్ళకి ఐదు గీతలు. పక్కన చిన్న అక్షరాల్లో, కాకా ఏ శ్రుతిలో ఏ బిట్టు వదిలేస్తాడో. ఎందుకంటే కొన్ని వదిలేస్తాడు. అన్ని శ్రుతుల్లో అన్నీ బాగుండవని ఆయనకి తెలుసు.

*

ఆ చివరి మాట చిన్నది కాదు. 1812లో ఇవాన్ మ్యూలర్ అనే వాద్యకారుడు పదమూడు కీల కొత్త క్లారినెట్‌ని పారిస్ కన్జర్వేటరీ ముందు పెట్టాడు. ఇక శ్రుతికో వాద్యం అక్కర్లేదు, దీని మీద అన్ని శ్రుతులూ వాయించొచ్చు అన్నాడు. పరీక్షించిన పెద్దలు ఒప్పుకోలేదు. సి క్లారినెట్ గొంతు వేరు, బి ఫ్లాట్ గొంతు వేరు, ఎ గొంతు వేరు, అన్నిటికీ ఒకటే పెడితే ఆ రంగులు పోతాయన్నారు. తర్వాత చరిత్ర చాలావరకు మ్యూలర్ దారిలోనే నడిచింది. సి క్లారినెట్ వెనకబడింది. కానీ పెద్దల భయం కూడా పూర్తిగా అబద్ధం కాలేదు. ఇప్పటికీ బి ఫ్లాట్ పక్కన ఎ క్లారినెట్ పెట్టెలో ఉంటూనే ఉంది.

సాహిత్యంలో మన మ్యూలర్ ఒకటే ప్రామాణిక భాష. అది చెడ్డదని నేననను. గిడుగు వారి పోరాటం లేకపోతే ఈ వ్యాసం ఈ వచనంలో ఉండేదే కాదు. కానీ ఒక గొంతుని కాన్సర్ట్ పిచ్ అని పేరు పెట్టి, మిగతా గొంతులన్నీ దాంట్లోకి మార్చుకుని రావాలంటే, ఆ మార్చే బరువు ఎవరు మోస్తున్నారు? వర్ధన్నపేట బడిలో నేను మోశాను. ఇంట్లో "పోతున్న", పరీక్షలో "వెళ్తున్నాను", ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. రోజుకి మూడుసార్లు సా మార్చుకున్నాను. ఈ వాక్యాలు కూడా అలా మార్చి రాస్తున్నవే, మీరు గమనించే ఉంటారు. నన్ను ఎవరూ పనితనం ఉన్నవాడనలేదు. ఒకసారి జారితే మాత్రం "యాస వస్తోంది" అన్నారు. వేళ్ళు కదపకుండా బటన్ నొక్కినవాళ్ళకి చప్పట్లు, నోటితో సా వెతుక్కున్నవాళ్ళకి నవ్వులు.

మా వరంగల్ కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. మంచిదే. సెప్టెంబర్ 10న ఒక సమీక్షకుడు మా కుర్రాడి పుస్తకం తెరిచి "భాష ఇంకా స్థిరపడాలి" అని రాస్తాడు. ఏ శ్రుతిలో స్థిరపడాలి సార్? మీ హార్మోనియం మీద ఎన్నో మెట్టు దగ్గర?

ఇక్కడ మీరు అడగబోయేది నాకు తెలుసు. "అంటే అపశ్రుతే లేదంటావా? ఎవడేం రాసినా వాడి శ్రుతి వాడిదేనా?" కాదు. అపశ్రుతి ఉంది. అపస్వరాల బ్యాండ్లు ఉన్నాయి, చెవులు మూసుకున్నాను. చెత్త కవిత్వం ఉంది, మా వైపు కూడా బోలెడుంది. కానీ అపశ్రుతి అని తేల్చడానికి ముందు సా ఎక్కడుందో తెలియాలి. డి ఫ్లాట్ దగ్గర సా పెట్టుకుని వాయిస్తున్నవాడి గాంధారాన్ని, సి దగ్గర సా పెట్టుకుని కొలిస్తే అది ఎప్పుడూ తప్పే. తప్పు వాయించినవాడిది కాదు, కొలిచినవాడిది. మా కుర్రాడి కవితల్లో సా పట్టుకుని, ఫలానా కవితలో మూడో పాదం ఆ సా నుంచి జారిందని చూపించండి. నేనే ముందు చప్పట్లు కొడతాను. అతనూ నేర్చుకుంటాడు. నిజానికి ఆ పుస్తకంలో జారిన కవితలు నాకే నాలుగైదు దొరికాయి. ఒకటి మరీ, విమర్శకుల మెప్పు కోసం తన సా వదిలేసి మీ సా అందుకోబోయి రెండిటికీ మధ్య పడింది. మీరు సభలో మెచ్చుకున్న ఒకే ఒక్క కవిత అది.

విమర్శకుడి పని కష్టమని నాకూ తెలుసు. వారానికి నాలుగు పుస్తకాలు, ప్రతిదానికీ కొత్తగా సా వెతుక్కోవాలంటే తల తిరుగుతుంది. కానీ అది మీ పని. కీబోర్డు అబ్బాయిలా బటన్ నొక్కి అందరినీ మీ మెట్ల మీదికి దించుకుంటే మీ వేళ్ళకి హాయి. వినేవాళ్ళకి మీకు నచ్చిన పాటలు మాత్రమే వినిపిస్తాయి. వాద్యాలు దించేసిన ఆ ట్రంపెట్ పిల్లల లెక్క ఎంతమంది పల్లవి దగ్గరే ఊరుకుంటున్నారో మీకు తెలియదు. రెండో పుస్తకం వేయని కవుల్ని లెక్కపెట్టి చూడండి.

*

కాకా బిట్లలో ఇప్పటికి పదిహేడు పూర్తయ్యాయి. పోలీస్ బ్యాండు ఆయన ప్రతి ఆదివారం వచ్చి సరిచేస్తున్నాడు. కాకాకి ఆయన ఐదు గీతలు చూపిస్తున్నాడు, ఆయనకి కాకా కాగితం లేకుండా సా మార్చడం చూపిస్తున్నాడు. ఇద్దరికీ పడటం లేదు. "గాయిన కాయితం లేకుంటే పాట అడగనీకి భయపడ్తడు" అంటాడు కాకా. "మీ కాకా పద్నాలుగో కొలత ప్రతిసారీ వేరేలా వాయిస్తాడు, ఏది రాయాలి?" అంటాడు ఆయన. నేను రెండూ రాస్తున్నాను.

మాఘంలో మళ్ళీ ముహూర్తాలున్నాయి. విమర్శకుడు గారూ, ఒక రాత్రి మా ఊరికి రండి, బరాత్ చూద్దురుగాని. బండికి కొంచెం దూరంగా, కాకా పక్కన నిలబెడతాను. పాట మధ్యలో ఎవరో ఒకరు "అన్నా, ఒకటి దించు" అనే అంటారు, ఖాయం. అప్పుడు కీబోర్డు వైపు చూడకండి.